వెబ్‌సైటుకు తాళం పడిన రోజు

మొన్న షిరిడీకి రైలు టికెట్లు తీద్దామని ఫోను ముందేసుకుని కూర్చుంటే, నేను పెట్టుకున్న పాస్‌వర్డే తప్పని అది నాకు చెప్పింది. మళ్లీ కొడితే మళ్లీ అదే మాట. లోపలి నుంచి మా కోడలు, మర్చిపోయినట్టు నొక్కండి అత్తమ్మా, కొత్తది వస్తుంది అని తేలిగ్గా అనేసి కుక్కరు దించుకోవడానికి పోయింది. ఆ ఎర్ర అక్షరాల ముక్క తెర మీద కనబడితే నేను ఇప్పటికీ ఫోను బోర్లించి పక్కన పెడతానని ఆమెకేం తెలుసు. మన ఈడు వాళ్లందరికీ పాస్‌వర్డులంటే విసుగే కానీ, నాకు మాత్రం ఆ మాట వినగానే తెలంగాణ కొట్లాట నాటి ఒక ఉదయమూ, సిద్దిపేటలో మా స్టూడియో, మా బాపు, మా చాచా కళ్ల ముందుకు వస్తారు. ఆ రోజు నేను నిలబడ్డ నేల ఎట్లా కదిలిందో ఇన్నేళ్లలో ఎవరికీ కుదురుగా చెప్పుకోలేదు. ఇవాళ మీకు చెప్పుకోవాలనిపిస్తోంది.

లాల్ కమాన్ ద్వారానికి కొంచెం ఇవతల మాకొక ఫొటో స్టూడియో ఉండేది, బాపు పెళ్లికి ముందే పెట్టుకున్నది. కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణం ముందు గోడకు అద్దాల పెట్టె ఒకటి, అందులో ఎప్పుడు చూసినా నెలల పిల్లల బోర్లా పడ్డ ఫొటోలు, కొత్త పెళ్లికూతుళ్ల ఫొటోలు. మా వాడకట్టులో పుట్టిన పిల్లలు చాలామంది ఒక్కసారైనా ఆ పెట్టెలోకి ఎక్కినవాళ్లే. బాపు కెమెరా పట్టుకుంటే, చీకటి గదిలో కడగడం, పెన్సిలుతో నెగటివ్ మీద మచ్చలు దిద్దడం చాచా పని. చాచా మాకు చుట్టం కాదు, కానీ నాకు ఊహ తెలిసేసరికే మా ఇంట్లో ఉన్న మనిషి. రంజాన్‌కు వాళ్లింటి నుంచి షీర్‌ఖుర్మా పాయసం గిన్నె వస్తే, ఆ గిన్నెను మా అవ్వ ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. ఆయన ఎడమచేతి మూడు వేళ్లు ముడుచుకోవు. చిన్నప్పుడు లారీ తలుపు పడిందని మాకు చెప్పారు, మేం నమ్మాం. ఆ వంగని వేళ్లతోనే గాజుపలకను అదిమిపట్టి, కుడిచేత్తో పెళ్లికొడుకుల మొటిమలు మాయం చేసేవాడు.

బాపుకు నేనొక్కదాన్నే. పెళ్లయినాక కూడా మా సారుకు, అంటే మా ఆయనకు, ఊళ్లోనే బడిపంతులు ఉద్యోగం కాబట్టి మేం ఆ పై ఇంట్లోనే ఉండిపోయాం. రీలు కెమెరాలు పోయి డిజిటల్ వచ్చినప్పుడు బాపు చేతులెత్తేశాడు, గిదంత నా తోని కాదు బిడ్డా అని తాళాలు నా చేతిలో పెట్టాడు. నేను కంప్యూటరు నేర్చుకున్నాను. చాచా కూడా నాతో పాటు కూర్చుని, పెన్సిలు పట్టిన చేత్తోనే మౌసు పట్టాడు. కొన్నాళ్లకు పెళ్లి ఆల్బములు దూరాన ఉన్న వాళ్లు చూసుకోవడానికి ఉంటుందని నేనే ఒక వెబ్‌సైటు పెట్టాను. ఎవరికో అప్పజెప్పిన పని కాదది. హైదరాబాదులో ఒక కంపెనీ దగ్గర ఇంటర్నెట్‌లో కాస్త జాగ కిరాయికి తీసుకుని, పుస్తకాలు చూసి, తప్పులు చేసి, మళ్లీ చెరిపి, నా అంతట నేను నిలబెట్టుకున్న ఇల్లు. ఆ రోజుల్లో సిద్దిపేటలో ఒక ఆడమనిషి వెబ్‌సైటు నడుపుతోందంటే మా సారు తోటి పంతుళ్లు కూడా నన్ను కొంచెం వింతగా చూసేవారు, నాకేమో లోలోపల గర్వంగానే ఉండేది. పేజీ అడుగున సైటును ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి పెట్టి, పొద్దున లేవగానే పాలు పొంగాయో లేదో చూసినట్టు దాన్ని చూసుకునేదాన్ని.

అప్పుడే కొట్లాట ఉధృతమైంది. మీరంతా చూసినవాళ్లే, నేను కొత్తగా చెప్పేదేముంది. దుకాణాలు సగం రోజులు మూసే ఉండేవి, పెళ్లిళ్ల బేరాలు తగ్గాయి, బడులు బందయ్యాయి, మా సారు దీక్షా శిబిరంలో కూర్చునేవారు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండి, ఆ రోడ్ల మీదే విస్తళ్లు వేసి తిన్న రోజులవి. నేను కెమెరా మెడలో వేసుకుని అన్నిటికీ పోయేదాన్ని. సాయంత్రానికి ఫొటోలు సైటులో పెడితే దుబాయిలో, మస్కట్‌లో, బొంబాయిలో ఉన్న మన మిరుదొడ్డి వాళ్లు, ధూళిమిట్ట వాళ్లు చూసి ఫోన్లు చేసేవారు. మా తమ్ముడు కనబడ్డడక్కా, మా అవ్వ బతుకమ్మెత్తుకుని కనబడ్డది అని ఏడ్చేవాళ్లు కూడా. ఆ మాటల కోసమే నేను ముఖాలు స్పష్టంగా పడాలని తాపత్రయపడేదాన్ని. దూరం నుంచి కూడా కనుబొమలు లెక్కపెట్టేటంత దగ్గరగా తెచ్చే లెన్సు ఒకటి తెప్పించుకున్నాను. ప్రతి ఫొటో కింద మా స్టూడియో పేరు తెల్లటి అక్షరాలతో అచ్చుపడేటట్టు కూడా చేశాను.

కరీంనగర్ రోడ్డు మీద రాస్తారోకో జరిగిన రోజు తీసిన ఫొటోలు నేను అప్పటిదాకా తీసినవాటిలో మేలైనవి. లారీలు మైళ్ల కొద్దీ నిలిచిపోయాయి, టైర్లు కాలాయి, ఎవరో రాళ్లు వేశారు, ఒక బస్సు అద్దాలు పగిలాయి. ఆ పొగలో నుంచి పిడికిళ్లెత్తి వస్తున్న జనం ముఖాలు ఒక్కొక్కటీ చెక్కినట్టు పడ్డాయి. అందులో మా సారు కూడా ఉన్నారు, గొంతు నరాలు ఉబ్బి, ఇంట్లో ఎన్నడూ చూడని కోపంతో. ఆ ఫొటోలు పెట్టినాక సైటు చూసేవాళ్ల అంకె పరుగెత్తింది. బాపు ఒకటి రెండుసార్లు దుకాణంలోకి దిగివచ్చి, గవి తీసెయ్యరాదు బిడ్డా అన్నాడు. ముసలితనపు భయమనుకుని నవ్వి ఊరుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున, ముందురోజు శిబిరం దగ్గర వంటావార్పు ఫొటోలు ఎక్కిద్దామని కూర్చుని పాస్‌వర్డ్ కొడితే, తప్పని వచ్చింది. వేలు జారిందనుకుని మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పే. పెద్ద అక్షరాల మీట నొక్కి ఉందేమో చూశాను, లేదు. తెలుగు టైపు చేసి ఇంగ్లిషుకు మార్చకుండానే కొడుతున్నానేమోనని అనుమానం వచ్చింది, ఎందుకంటే పాస్‌వర్డ్ గడిలో చుక్కలే తప్ప అక్షరాలు కనబడవు కదా. ఖాళీ పేజీ తెరిచి అక్కడ కొట్టి చూశాను. అక్షరం పొల్లుపోకుండా సరిగ్గానే పడింది. దాన్నే తెచ్చి అతికించాను. తప్పు అన్నది. బ్రౌజరులో పాత గుర్తులన్నీ తుడిచాను, ఇంకో బ్రౌజరులో చూశాను, పక్క కంప్యూటరులో చూశాను. చివరికి మర్చిపోయారా అన్న చోట నొక్కి, కొత్త పాస్‌వర్డ్ కోసం నా మెయిలు తెరుచుకుని కూర్చున్నాను. ఏ మెయిలూ రాలేదు. చెత్త మెయిళ్ల సంచి కూడా వెతికాను, అక్కడా లేదు.

హైదరాబాదు కంపెనీకి ఫోను చేస్తే అవతలి పిల్లవాడు మర్యాదగానే, మా దిక్కు అంతా బాగానే ఉంది మేడం, మీ సైటు తెరుచుకుంటోంది కదా అన్నాడు. తెరుచుకుంటోంది నిజమే, ఊరందరికీ తెరుచుకుంటోంది, నాకు తప్ప. అప్పుడే ఇంకో సంగతి కంటబడింది. రాస్తారోకో ఫొటోలు ఉండాల్సిన పేజీ మీద నొక్కితే, ఇక్కడ ఏమీ లేదు అని వస్తోంది. శిబిరంలో ఫొటోలున్నాయి, బతుకమ్మ ఫొటోలున్నాయి, ఆ ఒక్క పేజీ లేదు. శిబిరం నడిపించే పెద్దమనిషి ఒకాయన ఫోను చేసి, దుబాయోళ్లు ఫొటోలు లేవంటున్నరేందమ్మా, ఎవరన్న హ్యాక్ చేసిన్రా అని అడిగాడు. ఉద్యమమంటే గిట్టనివాళ్లే చేసుంటారని తనే తేల్చేసి, సాయంత్రంలోగా ఫొటోలు మళ్లీ పెట్టించే బాధ్యత నా మీద వేశాడు. నాకూ అదే నిజమనిపించింది. ఎక్కడో ఒక చల్లటి గదిలో మన పొడ గిట్టనివాడు కూర్చుని నా ఇంటి తాళం పగలగొట్టాడని ఊహించుకుంటే ఒళ్లు మండిపోయింది.

సైటు లోపలికి పోవడానికి నాకింకో దారి ఉంది. కంపెనీ వాళ్లిచ్చిన కంట్రోలు ప్యానెలు పాస్‌వర్డ్ వేరే, అది నా ఒక్కదానికే తెలుసు. దాంతో పోతే సైటు అంతా పట్టికలుగా దాచి ఉండే డేటాబేస్ కనబడుతుంది. ఎవరెవరికి లోపలికి వచ్చే హక్కు ఉందో కూడా అందులో ఒక పట్టికలో ఉంటుంది. నేను వెతుకుతున్నది తెలియని పేరు కోసం. తెలియని పేరేదీ లేదు. నా పేరుంది, కానీ నా పేరు ఎదురుగా నా మెయిలు లేదు. అక్కడ చాచా మెయిలు ఉంది, నేనే కూర్చోబెట్టి ఆయనకు తెరిచి ఇచ్చిన మెయిలు.

నేను వంటింట్లో ఉన్నప్పుడు ఫొటోలు ఎక్కించడానికి వీలుగా ఉంటుందని, చాచాకు నాతో సమానంగా అన్ని హక్కులూ నేనే ఇచ్చాను. ముందురోజు నేను వంటావార్పు దగ్గర ఉన్న వేళకు దుకాణంలో ఉన్నది ఆయనే. ఆయన లోపలికి పోయి, ఫొటోలు తీసేసి, నా పాస్‌వర్డ్ మార్చి, నేను కొత్తది తెప్పించుకోవడానికి కూడా వీల్లేకుండా మెయిలు మార్చి బయటికి వచ్చాడు. ఆ తర్వాత అదే చేత్తో నాకు చాయ్ కూడా తెచ్చి ఇచ్చాడు. శత్రువెవరో దొరికితే కోపమొస్తుంది, ఏడుపొస్తుంది. నాకు ఏదీ రాలేదు. పట్టికలో నా మెయిలు మళ్లీ రాసి, కొత్త పాస్‌వర్డ్ వేసి, నా ఇంట్లోకి నేను దొంగలా తిరిగి అడుగుపెట్టాను. ఫొటోల అసలు కాపీలు నా హార్డ్ డిస్కులో ఉన్నాయి. దాన్ని కంప్యూటరుకు తగిలించాను.

అప్పుడే చాచా లోపలికి వచ్చాడు. తెర వైపు చూశాడు, హార్డ్ డిస్కు వైపు చూశాడు, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఎందుకు చేసినవు చాచా అని అడిగాను. ఆయన బుకాయించలేదు.

“నేనే చేసిన బేటీ. మల్ల ఎక్కియ్యకు. ఎందుకని నన్ను అడగకు, పైకి పోయి మీ బాపును అడుగు.”

బాపుకు కంప్యూటరు మీట నొక్కడం కూడా రాదు. ఆయనకూ దీనికీ సంబంధమేమిటో నాకు అంతుపట్టలేదు. మెట్లెక్కి పోతే బాపు మంచం మీద కూర్చుని, నేను వస్తానని తెలిసినట్టే ఎదురుచూస్తున్నాడు. నా వెనకే చాచా వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. సైటుకు తాళం మార్పించింది నేనే, వానినేం అనకు అన్నాడు బాపు ముందుగానే. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన, పొద్దున తనతో నడకకు వచ్చే దోస్తు ఒకాయన చెప్పాడట, మీ బిడ్డ వెబ్‌సైటు ఠాణాల పొద్దంత తెరిచే ఉంటున్నదని, ఫొటోలు పెద్దవి చేసి కాగితాల మీద తీసి, బస్సు అద్దాలు పగలగొట్టిన కేసులో ఎవరెవరిని పెట్టాలో ముఖాలకు పేర్లు వెతుకుతున్నారని. పరుగెత్తిన ఆ అంకె నాకు గుర్తొచ్చింది. నేను దుబాయి అనుకున్నాను, మస్కట్ అనుకున్నాను.

మరి ఆ మాట నాతో చెప్పొచ్చు కదా బాపూ అన్నాను. చెప్తే నేనే తీసేసేదాన్ని కదా, ఈ దొంగతనమెందుకు. బాపు చాచా వైపు చూశాడు. చాచా తల పంకించాడు. అప్పుడు బాపు చెప్పింది మొదట నాకు చెవికెక్కలేదు, ఎవరి సంగతో చెబుతున్నాడనుకున్నాను.

అరవై తొమ్మిదిలో, అంటే నేను ఇంకా పాకే పిల్లగా ఉన్న రోజుల్లో, మొదటి కొట్లాట నడుస్తున్నప్పుడు, కాలేజీ పిల్లల ఊరేగింపు ఒకటి మా స్టూడియో ముందు నుంచే పోయిందట. బాపు ఇదే పై ఇంటి కిటికీ నుంచి ఫొటో తీశాడు. అది ఎంత చక్కగా కుదిరిందంటే, ముందు వరుసలో ఉన్నవాళ్ల ముఖాలన్నీ చెక్కినట్టు పడ్డాయట. అచ్చంగా అదే మాట అన్నాడు బాపు, చెక్కినట్టు అని. దాన్ని పెద్దది చేసి ముందు గోడ అద్దాల పెట్టెలో పెట్టాడు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. కొన్నాళ్లకు మామూలు బట్టల్లో ఇద్దరు మనుషులు వచ్చి, ఫొటో చాలా బాగుందని మెచ్చుకుని, ఒక కాపీ ఇస్తారా అని అడిగారు. బాపు పొంగిపోయి కాపీ ఇచ్చాడు, కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. మాటల్లో మాటగా, వీడెవరు, వాడెవరు అని వాళ్లు వేలు పెట్టి అడుగుతుంటే, గిగో గీడు ఫలానాయన కొడుకు, గాడు ఫలానాయన తమ్ముడు అని తనే వరసపెట్టి చెప్పాడట. మర్నాడు పొద్దుకల్లా ఆ పిల్లలను ఇళ్ల నుంచి ఎత్తుకుపోయారు.

“ఫొటో తీసినోడు నేను, పేర్లు చెప్పినోడు నేను. అద్దంల పెట్టినంక అది మనది కాదు బిడ్డా, ఎవ్వని చేతులకు పోతదో తెల్వదు” అన్నాడు బాపు.

గడప దగ్గర నిలబడ్డ చాచా తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. లారీ తలుపు లేదు, ఏమీ లేదు. డిగ్రీ చదువుతున్న పిల్లవాడు, ముందు వరుసలో పిడికిలెత్తిన ఎడమచెయ్యి. లోపల ఆ చేతినే విరిచారు. చదువు పోయింది. బయటికి వచ్చినాక బాపు వాళ్లింటికి పోయి, వాళ్ల అమ్మ కాళ్లు పట్టుకుని, పిల్లవాణ్ని తెచ్చి తన చీకటి గదిలో పనిలో పెట్టుకున్నాడు. నలభై ఏళ్లకు పైగా ఆ ఇద్దరూ ఒకే దీపం కింద పక్కపక్కన కూర్చుని ఊరి ముఖాలు కడిగారు, ఆరబెట్టారు, దిద్దారు. నేను ఆ ఇద్దరి మధ్య ఆడుకుంటూ పెరిగాను. మా అద్దాల పెట్టెలో పిల్లల ఫొటోలు, పెళ్లికూతుళ్ల ఫొటోలు తప్ప ఒక్క గుంపు ఫొటో కూడా ఎన్నడూ ఎందుకు లేదో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

నేను చాచా ముఖంలోకి చూడలేకపోయాను. ఇంత జరిగినాక ఈ ఇంట్లో ఎట్లా ఉన్నవు చాచా అని మాత్రం అడగగలిగాను.

“మీ బాపు నన్ను పట్టియ్యలె బేటీ, గా ఫొటో పట్టిచ్చింది” అన్నాడాయన. కొంచెం నవ్వినట్టే చేసి, “గా ఫొటోల నేను మస్తుగ పడ్డ” అన్నాడు.

ఆ నవ్వు చూసినాక గాని నాకు ఏడుపు రాలేదు.

బాపు అడిగినా నేను వినలేదు కాబట్టి, పోలీసుల మాట చెప్పినా నవ్వి ఊరుకుంటాననుకున్నారు కాబట్టి, వినేటట్టు చెప్పాలంటే ఈ కథంతా విప్పాలి కాబట్టి, విప్పే ధైర్యం ఇద్దరికీ లేదు కాబట్టి, తాళం మార్చడమొక్కటే వాళ్లకు తోచింది. ఫొటోలు తీసేసి ఊరుకుంటే సాయంత్రానికి నేను మళ్లీ పెట్టేదాన్నే, అందులో అబద్ధం లేదు. కిందికి దిగిపోయి హార్డ్ డిస్కు తీగ పీకేశాను. శిబిరం పెద్దమనిషికి ఫోను చేసి, ఫొటోలు మళ్లీ రావు అని చెప్పాను. ఆయన కారణమడిగాడు. ముఖాలు వెతుకుతున్నరట అన్నాను. తన ఫొటో కూడా ఉందా అని ఆయన మెల్లగా అడిగాడు.

అయితే వాళ్ల భయం ఉత్తిదేమోనన్న చిన్న ఆశ నా మనసులో ఒక మూలన మిగిలే ఉంది. అది కూడా ఆ సాయంత్రమే పోయింది. శిబిరం నుంచి రావాల్సిన వేళకు మా సారు రాలేదు. ఫోను ఎత్తలేదు. దీపాలు పెట్టే వేళ దాటినాక వచ్చి, చెప్పులు కూడా విడవకుండా దుకాణంలోనే కూర్చుండిపోయారు. మధ్యాహ్నం ఠాణాకు పిలిపించారట, పొద్దుగూకేదాకా బల్ల మీద కూర్చోబెట్టారట. కొట్టలేదు, తిట్టలేదు, అడిగిందే అడిగారు. ముందర ఒక కాగితం పెట్టారట. అందులో ఆయన ముఖం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది.

“కాగితం కింద మన స్టూడియో పేరున్నది” అన్నారు మా సారు. “ఎవరు తీసిన్రు అని అడిగిన్రు. మా ఇంటామె తీసింది అని ఎట్ల చెప్పాలె?”

ఆయన నన్ను తప్పుపట్టలేదు. ఆ మాట అనేసి, చాచా తెచ్చిన మంచినీళ్లు తాగారు. నాకు మాత్రం ఆ తెల్లటి అక్షరాలు నా కళ్లలోనే అచ్చుపడ్డట్టుగా ఉన్నాయి. అంత శ్రద్ధగా, ప్రతి ఫొటోకూ కుడివైపు మూలన, అందంగా ఉండేటట్టు నేనే పెట్టిన పేరు. అప్పటికే కాగితాల మీదికి ఎక్కిన ముఖాల్లో ఇంకొందరిని కూడా ఆ వారంలో పిలిచారు, కొందరి మీద కేసులు పడ్డాయి, రాష్ట్రం వచ్చేదాకా కోర్టు చుట్టూ తిరిగారు. ఆ వారం దాటినాక మాత్రం కొత్తగా ఎవరినీ ఫొటో చూపించి పిలిచినట్టు మాకు తెలియలేదు. ఆ పేజీ తీసెయ్యడం వల్లేనా, కాదా అన్నది నేను చెప్పలేను. బాపు మాత్రం ఆ వారమంతా పొద్దున్నే కిందికి దిగివచ్చి, ఏమన్న తెలిసిందా అని అడిగి, ఎవరి పేరూ వినబడకపోతే పైకెక్కిపోయేవాడు.

నేను సైటు మూసెయ్యలేదు, ఎట్లా మూసేది, దూరాన ఉన్నవాళ్లకు అదే కిటికీ. కానీ ఉన్న ముఖాలన్నీ సైటులోనూ హార్డ్ డిస్కులోనూ చెరిపేశాను, ఆ తర్వాత రాష్ట్రం వచ్చేదాకా ఒక్క ముఖం కూడా పెట్టలేదు. జనం వెనక నడిచి వీపులు తీశాను. ఎండలో కాలిన మెడలు, భుజం మీది తువ్వాళ్లు, రోడ్డు మీద అన్నం ఉడుకుతున్న గంజు గిన్నెల చుట్టూ చేతులు, వరుసగా విడిచిన చెప్పులు. ఎక్కడన్నా ఒక ముఖం పక్కకు తిరిగి పడితే చాచా దాని మీద పొగ కప్పేవాడు. జీవితమంతా ముఖాలను నిగనిగలాడించిన మనిషి వాటిని చెరిపేస్తుంటే చూడటం నాకు మొదట్లో కష్టంగా ఉండేది, ఆయన మాత్రం అది కూడా అంతే శుభ్రంగా, అంచులు కనబడకుండా చేసేవాడు. దుబాయి ఫోన్లు తగ్గాయి. ఎవరూ గుర్తుపట్టేటట్టు లేరు కదక్కా అని ఒకరిద్దరు నిష్ఠూరంగా అన్నారు. అందుకే పెట్టిన తమ్ముడూ అనేదాన్ని.

రాష్ట్రం వచ్చిన రోజు బాపు చూశాడు, చాచా చూశాడు. ఇద్దరూ దుకాణం ముందు కుర్చీలేసుకుని, పోయే ఊరేగింపును చూస్తూ కూర్చున్నారు. చాచా భుజానికి కెమెరా ఉంది, ఆయన తీయలేదు, నేనూ తీయమనలేదు. తర్వాత కొన్నేళ్ల తేడాతో ఇద్దరూ పోయారు. పెళ్లి ఫొటోలకు డ్రోన్లు వచ్చాయి, సైటు చూసేవాళ్లు లేక దాని జాగ కిరాయి కట్టడం మానేశాను, అది ఒక రోజు ఎవరికీ చెప్పకుండా కనబడకుండా పోయింది. సిద్దిపేట జిల్లా అయింది. చంద్లాపూర్ పక్కన, మనం మెట్ట చెలకలు చూసిన చోట, కొత్తగా కట్టిన రిజర్వాయరులో చూపు ఆనినంత మేర నీళ్లు నిండాయి. ఆదివారం పోతే ఆ కట్ట మీద నిలబడే జాగ ఉండదు, ప్రతి చేతిలో ఒక ఫోను, ప్రతి ఫోనులో దాన్ని పట్టుకున్నవాళ్ల ముఖమే.

రాష్ట్రం వచ్చినాక నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. మనుషులు నా దగ్గరికి ఫొటోల కోసం రావడం మొదలుపెట్టారు. నేను కూడా కొట్లాటలో ఉన్నానని చూపించుకోవాలె, ఒక్క ఫొటో ఉంటే ఇయ్యి మేడం అని అడిగేవారు. కొందరికి అవసరం, కొందరికి ఆశ, ఇంకొందరికి ఇంట్లో గోడకు పెట్టుకుంటే చాలు. హార్డ్ డిస్కు తెరిచి చూపిస్తే, ఉన్నవన్నీ వీపులే. గిందులో నేనేడున్న అని వెతుక్కుని, చిన్నబుచ్చుకుని వెళ్లిపోయేవారు.

ఒకసారి మిరుదొడ్డి దిక్కు నుంచి ఒకామె వచ్చింది. పెనిమిటి పోయి ఏడాది కాలేదు. ఆయన ఫొటో అంటూ ఇంట్లో ఒక్కటీ లేదట, రోడ్డు మీద వంటలు చేసిన రోజు మీరు తీస్తుంటే చూసినమ్మా అన్నది. ఆ రోజు ఫొటోలు తెర మీద ఒక్కొక్కటే జరుపుతూ, ముఖాలు లేవమ్మా, ఎట్ల గుర్తుపడతవు అని ముందే చెప్పాను, ఆశ పెట్టుకోకూడదని. ఆమె చూస్తూ చూస్తూ, ఒక గుంపు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది. అందరూ ఒక్కలాగే ఉన్న వీపుల్లో ఒకదాని మీద వేలు పెట్టింది.

“గీయనే. ఎప్పుడు నడిసినా నాకంటె నాలుగడుగులు ముందు నడిసేటోడు. ముఖం కంటె నాకు గీ ఈపే ఎరుకమ్మా.”

ఆ ఒక్క మనిషిని పెద్దగా చేసి, చట్రం కట్టించి ఇచ్చాను. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని, ఎదకు ఆనించుకుని బస్టాండు దిక్కు పోయింది. మన కాలంలో ముఖం కనబడితే ఏమవుతుందోనని దాచుకున్నాం, ఇప్పుడు ముఖం కనబడకపోతే తామున్నట్టే కాదని జనం దిగులుపడుతున్నారు. తప్పు వాళ్లది కాదు, కాలం అట్లా తిరిగింది. కానీ అన్ని వేల ముఖాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్న ఈ మనుషుల్లో, వెనక నుంచి చూసి కూడా ఇదిగో నా మనిషి అని వేలు పెట్టి చూపగలిగేవాళ్లు ఎందరున్నారో అని, కట్ట మీద ఆ గుంపులో నడిచేటప్పుడు నాకు అనిపిస్తూ ఉంటుంది.